రెండు వేళ్ళ సందు

"మా ఇంట్లో సెగండీ బాబూ, సెగ!" అని చల్లా కొండలరావు ఫోన్లో గొంతు చించుకున్నాడు.

అవతల నిర్వహణ విభాగం గుమాస్తా గవర్రాజు కుర్చీకి ఎడంపక్క మూరెడు దూరంలో ఒక కూలరుంది. అది తిరుగుతున్నంతసేపూ గవర్రాజు ఎడం చెవి సెలవులో ఉంటుంది. ఫోను మాత్రం ఆయన ఎప్పుడూ ఎడం చెవికే ఆనించుకుంటాడు. కుడిచెయ్యి రాసుకోవడానికి ఖాళీగా ఉండాలి కదా!

"ఏంటీ, పొగా?"

"సెగండీ! కిటికీలోంచి వస్తోంది!"

"కిటికీలోంచి పొగ," అని గవర్రాజు రాసుకుని, గంట మోగించాడు.

మూడేళ్ళుగా ఒక్క బల్బు పంపని కార్యాలయం నాలుగు నిమిషాల్లో ఫైరింజను పంపింది. నలుగురు జవాన్లు దూకి, గొట్టాన్ని కిటికీ సందులోంచి లోపలికి దూర్చి, అడిగినవాడి మాట వినకుండా గదిని కడిగేశారు. మంచం మీదున్న నాలుగేళ్ళ తుషార లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ వేసవి మొత్తంలో ఆ ఇల్లు చల్లబడింది ఆ ఒక్క గంటే.

మర్నాడు మెమో వచ్చింది. 'లేని పొగను ఉన్నట్లు చూపి సంస్థ జలమును వృథా చేసినందుకు తమపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.' కొండలరావు దాన్ని ఎనిమిది మడతలు పెట్టి కిటికీ సందులో కుక్కాడు. అప్పటికే ఆ సందులో మూడు మెమోలున్నాయి. వడగాలిని ఆపడంలో సంస్థవారు ఆ ఇంటికి చేసిన సాయం అదొక్కటే.

మరుగఢ్ ఎడారి నగరం. ఆ పేరుకి అక్కడివాళ్ళు చెప్పుకునే అర్థం ఏదైనా, తెలుగువాడికి మొదటి సగం వినగానే సంగతి బోధపడుతుంది: అక్కడ నీళ్ళు పొయ్యెక్కించకుండానే మరుగుతాయి. కోస్తాలో సుద్దరాయి సంస్థవారి గని ఖాళీ అయినప్పుడు మనుషుల్నీ బల్లల్నీ బీరువాల్నీ ఫైళ్ళనీ ఒకే రైలెక్కించి అక్కడ దింపారు. అందుకే ఆ ఎడారి నడిమధ్య ఆరువందల క్వార్టర్ల కాలనీలో గోంగూర పచ్చడి దొరుకుతుంది. పంటికింద కాస్త ఇసక తగులుతుంది, అంతే.

కొండలరావు ఆ సంస్థ ప్రయోగశాలలో సుద్దని తూచి, కాల్చి, మళ్ళీ తూస్తాడు. ఉండేది నలభై ఏడో నంబరు ఇల్లు. అది ఇంటి నంబరని కొందరూ, మే నెల ఉష్ణోగ్రతని కొందరూ అంటారు. ఇంటిపేరు చల్లా. భార్య హైమావతి, అంటే మంచుకొండ కూతురు. కూతురు తుషార, అంటే సాక్షాత్తూ మంచే. మొత్తానికి ఆ ఇంట్లో చల్లదనమంతా రేషను కార్డు మీదే ఉంది.

ఉన్నది ఒకటే పడగ్గది. దానికి ఒకటే కిటికీ. అది చూసేది పడమటికి. ఇనప చట్రం వంకర తిరిగి రెండు రెక్కల మధ్యా సందు పడింది. ఎడంరెక్క అద్దానికి మూలనుంచి మూలకి పగులుంది. మధ్యాన్నం రెండయ్యేసరికి ఆ సందులోంచి గాలి వస్తుంది. గాలి అనడం మర్యాద కోసం.

ఫైరింజను వచ్చిన రోజు పొద్దున్నే తుషారని ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చారు. వడదెబ్బ. మూడు రోజులు సెలైను పెట్టారు. డాక్టరు కళ్ళజోడు తీసి మరీ చెప్పాడు: "ఇంకోసారి ఇలా అయితే నా చేతుల్లో ఉండదమ్మా. ఆ కిటికీ సంగతి చూడండి."

ఆ సాయంత్రం హైమావతి తడిసిన పరుపు ఎండేస్తూ అంది, "ఏవండీ, ఒక్కమాట. వచ్చే ఎండలకి ఈ కిటికీ మారితే ఇక్కడుంటాం. లేదంటే పిల్లని తీసుకుని తణుకు మా అక్క దగ్గరికి పోతాను. అక్కడే బళ్ళో వేస్తాను. మీరు సెలవు దొరికినప్పుడు చుట్టంలా వచ్చి చూసి పోదురుగాని."

"మనమే ఓ మేస్త్రీని పిలిచి..."

"పిలవండి. పోయినేడాది గడియారానికి మేకు కొడితే ఏమొచ్చింది?"

మెమో వచ్చింది. 'సంస్థ గోడను గాయపరచినందుకు.' అదీ ఆ సందులోనే ఉంది.

*

కొండలరావు దరఖాస్తు పట్టుకెళ్ళి గవర్రాజు కుడిపక్కకి చేరాడు.

"గదిలో వేడి, కిటికీ మార్చాలి అని రాస్తే కుదరదండి కొండలరావుగారూ," అన్నాడు గవర్రాజు జాలిగా. మనిషి మంచివాడు, కూలరే చెడ్డది. "వేడని మీరంటే వేడి కాదు. కమిటీ అనాలి. ఉష్ణ నిర్ధారణ కమిటీ."

"అయితే రమ్మనండి. రేపే రమ్మనండి. చూస్తే వాళ్ళకే తెలుస్తుంది."

"రేపెలా వస్తారండీ? ఏప్రిల్నుంచి అక్టోబరు దాకా అధికారులు బయట తనిఖీలకి తిరక్కూడదని సర్క్యులరుంది."

"ఎందుకని?"

"వేడికండి."

కొండలరావు కాసేపు కూలరు కేసి చూశాడు. "మరి వేడి ఎప్పుడు కొలుస్తారు?"

"జనవరిలో."

జనవరిలో వచ్చారు. ముగ్గురు సభ్యులు, మూడు మంకీ టోపీలు, ఒక ఉష్ణమాపకం. కిటికీ సందు కొలవాలంటే అందులోని మెమోలు అడ్డమొచ్చాయి. ఒక్కొక్కటే బయటికి లాగి, ఇది మన సెక్షనుదే కదూ అని ఒకరికొకరు చూపించుకుని, సందు కొలిచి, మళ్ళీ ఏ మెమోని ఆ మడతలోనే దూర్చారు. హైమావతి ఇచ్చిన అల్లం టీ రెండేసి కప్పులు తాగారు. నివేదిక ఫిబ్రవరి మొదట్లో వచ్చింది:

'సదరు గదియందు వేడి యెచ్చటను కానరాలేదు. పదకొండు డిగ్రీలు మాత్రమే నమోదైనది. అయితే సదరు గవాక్షమునకు రెండు వేళ్ళ సందు గలదు. ఆ సందుగుండా చలి ప్రవేశించుచున్నది. సభ్యులలో ఇద్దరికి తుమ్ములు వచ్చినవి. కావున చలి కారణముగా గవాక్షము మార్పిడికి అర్హమని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'

చలికో, వేడికో, తుమ్ముకో, ఏదైతేనేం అనుకుని కొండలరావు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. పాపం, మార్పిడి అంటే మార్చడం అనుకున్నాడు.

*

ఆ ఏడే ప్రధాన కార్యాలయంవారు 'గవాక్ష నవోదయ మహోద్యమం' ప్రకటించారు. ఆరువందల ఇళ్ళకీ కొత్త కిటికీలు. ముందు ఒక ఆదర్శగృహం. కమిటీ ఏకగ్రీవంగా తుమ్మిన ఇల్లు ఒక్కటే కనుక ఆ గౌరవం నలభై ఏడుకి దక్కింది.

కార్యనిర్వాహక ఇంజనీరు మార్తాండరావు కొండలరావుని పిలిపించి కూర్చోబెట్టాడు. ఆయన గదిలో ఏసీ మీద ఏసీ. ఆయన మెడకి ఉన్ని మఫ్లరు.

"చూడవయ్యా. పదిహేడో పద్దు మార్పిడి. పద్దెనిమిదో పద్దు మెరుగుదల. పదిహేడులో నిధులున్నాయి, మార్చి ముప్పై ఒకటిలోగా ఖర్చయిపోవాలి. పద్దెనిమిదిలో లేవు. ఆ పద్దు పుట్టినప్పట్నుంచీ లేవు."

"అయితే పదిహేడులోంచే మార్చండి సార్."

"మారుస్తాం. కానీ మార్పిడి అనగా నేమి?" మార్తాండరావు కళ్ళు మూసుకున్నాడు. ఆయన రూలు చెప్పేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు, అమలు చేసేటప్పుడూ తెరవడు. "ఉన్నదాని స్థానే ఉన్నటువంటి దానినే ఉంచుట. నూతన గవాక్షం పూర్వ గవాక్షం కంటే లేశమాత్రం మెరుగైనా అది మెరుగుదల కిందికి పోతుంది. పదిహేడో పద్దు సొమ్ముతో పద్దెనిమిదో పద్దు పని చేసినట్టవుతుంది. అలా చేసినవాణ్ణి ఆడిటువాళ్ళు ఏం చేస్తారో ఎరుగుదువా? నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన ఇప్పుడెక్కడున్నాడో తెలుసా?"

"ఎక్కడున్నారు సార్?"

"తెలీదు. అదే నా భయం."

"సార్, కానీ పాతదానికి పగులుంది కదండీ."

"కొత్తదానికీ ఉంటుంది."

"సందుందండీ."

"ఉంటుంది. ఒక్క నూలు తగ్గనివ్వం. ఆ పూచీ నాది."

కొండలరావు ఇంటికొచ్చి చెబితే హైమావతి చేతిలో చేట కింద పెట్టింది. "మనతో వేళాకోళం ఆడుతున్నారా?" అంది.

"వేళాకోళమైతే నవ్వొచ్చేదే. వాళ్ళు నిజంగానే అంటున్నారు."

మర్నాడు కొలతలవాళ్ళు దిగారు. అద్దం మీద పల్చటి కాయితం పరిచి పగులుని పెన్సిలుతో దిద్దుకున్నారు. దాని పొడవు, వంపులు ఎన్ని, ఏ వంపు ఎటు అని పటం గీశారు. పటానికి నంబరు పడింది. సందు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. కమిటీ నివేదికలో 'రెండు వేళ్ళు' అని ఉంది, ఎవరి వేళ్ళో లేదు. ఫైలు పైకెళ్ళి కిందికొచ్చి, చివరికి మార్తాండరావు స్వయంగా వచ్చి తన చూపుడు వేలూ నడిమి వేలూ సందులో దూర్చబోయాడు. దూరలేదు, ఆయనవి అరటిపళ్ళ వంటి వేళ్ళు. అయినా అధికార ప్రమాణం అవే అని నిర్ణయం జరిగింది. దాంతో కొత్త సందు పాత సందుకంటే అరంగుళం వెడల్పు అయింది.

"ఇది తేడా కదండీ?" అంది హైమావతి తలుపు చాటునుంచి.

"ఇది హీనత తల్లీ. హీనతకి అభ్యంతరం లేదు. మెరుగుదలకే అభ్యంతరం."

"మరి కిటికీ వెనక బల్లి కూడా ఉందండీ. కొత్తదానికి బల్లి ఎవరిస్తారు?"

మార్తాండరావు వేళాకోళం పట్టించుకోలేదు. కళ్ళు మూసుకున్నాడు. "బల్లి చరాస్తి. మార్పిడి స్థిరాస్తికే వర్తిస్తుంది."

టెండరు పిలిచారు. అద్దం చదరపుటడుగుకి ఇంత, పగులు అడుగుకి ఇంత. మొదటి అద్దం చెక్కుచెదరకుండా వచ్చింది. వెంటనే తిప్పి పంపారు. కారణం గడిలో రాసింది ఇదీ: 'లోపము: లోపము లేకపోవుట.' రెండోది దారిలో లారీ కుదుపుకి తనంతట తనే పగిలింది గాని, పగులు కుడినుంచి ఎడమకి పోయింది. మూడోదానికి పైనుంచి కిందికి ఐదు వంపులుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. ఆఖరికి ఎక్కడో అద్దాల ఊరినుంచి పగులగొట్టు నిపుణుణ్ణి రానూపోనూ ఛార్జీలిచ్చి రప్పించారు. ఆయన పటం ముందు పెట్టుకుని, చిన్న సుత్తితో రెండు రోజులు దేవుడి విగ్రహం చెక్కినట్టు చెక్కి, పగులు తేల్చాడు.

"ఆ డబ్బుతో మూడు మంచి కిటికీలొచ్చేవండి," అన్నాడు గవర్రాజు, కొండలరావు చెవిలో.

"ఎందుకు చెప్పలేదండీ వాళ్ళకి?"

"చెబితే నాకు కూలరు తీసేస్తారండి."

*

స్టోర్సు రూలు ఒకటుంది. పాతది జమ చేస్తేనే కొత్తది జారీ చేస్తారు. కొండలరావు పాత కిటికీ ఊడదీయించి, తోపుడుబండి మీద స్టోర్సుకి చేర్చి, రసీదు తెచ్చుకున్నాడు. మెమోలు మాత్రం ఇంట్లోనే ఉంచుకున్నాడు. అవి కిటికీలో భాగం కావని స్టోరు కీపరు అబ్బులు తీసుకోలేదు. కొత్తది జారీ కావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ గోడలో కంతకి దుప్పటి కట్టుకున్నారు. మార్చి నెల. అన్నంలో ఇసకో, ఇసకలో అన్నమో తెలీలేదు. తుషార మెడచుట్టూ చెమటకాయలు లేచాయి. హైమావతి తడిగుడ్డ వేస్తూ, తీస్తూ, మొగుడితో మాట్లాడ్డం మానేసింది.

మార్చి ముప్పైన సాయంత్రం కొత్త కిటికీ బిగించారు. మార్తాండరావు కార్యాలయంలోనే కూర్చుని 'స్వయముగా పరిశీలించితిని' అని సంతకం పెట్టాడు. కొండలరావు దగ్గరికెళ్ళి చూశాడు. అదే పగులు. అవే ఐదు వంపులు. సందులో తన వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. మూడు పట్టాయి.

మెమోలన్నీ తెచ్చి కుక్కాడు. చాల్లేదు.

హైమావతి పెట్టె దించింది. "పద్దెనిమిదో తారీఖుకి టికెట్టు తీశాను. రెండే. ఒకటి నాకు, అరటిక్కెట్టు దానికి."

*

జమ చేసిన పాత సామాను వేలం రోజున కొండలరావు స్టోర్సుకి కొనడానికి పోలేదు. జమ చేసినవాడే వచ్చి 'ఇది నేనిచ్చిన వస్తువే' అని సాక్ష్యం పెట్టాలి, అదీ రూలే. అబ్బులు గోడకి ఆనించిన ఒక కిటికీ చూపించి, ఇక్కడ సంతకం అన్నాడు.

"ఇది మాది కాదండీ."

"మీదేనండి బాబూ!"

ఆకుపచ్చ రంగు వేసి, తళతళలాడుతోంది. చట్రం సూదిలా నిటారుగా ఉంది. రెండు పొరల అద్దం. రెక్కల అంచున నల్లటి రబ్బరు.

"ఏం చేశారు దీన్ని?"

"పాడైన సరుకు వేలం వేస్తే సంస్థకి నష్టం కదండీ," అన్నాడు అబ్బులు ఛాతీ విరిచి. "అందుకని పారేసే ముందు ప్రతీ వస్తువునీ బాగుచెయ్యాలి. ఇరవై రెండో పద్దు. బోలెడు డబ్బు దాన్లో. వంకర తీయించాను. అద్దం రెండు పొరలు వేయించాను. ఇంక ఇసక కాదు కదా, ఇసకా అన్న మాట కూడా దూరదు!"

కొండలరావు చట్రం కింది మూల తడిమి చూశాడు. ఆకుపచ్చ రంగు కింద వేలికి గరుగ్గా తగిలింది. కిందటేడు తుషార మేకుతో గీసిన 'తు'. కొమ్ము తిరగేసి రాసింది.

ఆయన జేబులు తడుముకున్నాడు.

"పాట మొదలండి! ఎనిమిదివందలు. ఎవరైనా పైన?" అని అబ్బులు అరిచాడు. ఆవరణలో కొండలరావూ, నీడకి చేరిన ఒక మేకా తప్ప ఎవరూ లేరు. మేక పాడలేదు.

ఆదివారం మేస్త్రీ వచ్చాడు. సంస్థవారి కొత్త కిటికీ మంచం కిందికి, సంస్థవారు పారేసిన పాత కిటికీ గోడలోకి వెళ్ళాయి. ఆ మధ్యాన్నం తుషార పడుకుని సాయంత్రం ఆరింటిదాకా లేవలేదు. ఇంతసేపు నిద్రేంటని హైమావతి భయపడి రెండుసార్లు కదిపి చూసింది. ఒళ్ళు చల్లగా ఉంది. పిల్ల చిరాగ్గా అటు తిరిగి పడుకుంది.

"టికెట్టు రద్దు చేసుకుందామా?" అన్నాడు కొండలరావు ధైర్యం చేసి.

"ఉండనివ్వండి. మీ సంస్థవాళ్ళు చూడనంతవరకే ఇది మనది."

*

పదహారో తారీఖున ఛైర్మనుగారు ఆదర్శగృహం ప్రారంభించడానికి వచ్చారు. ఎండాకాలం తనిఖీలు కూడదన్న సర్క్యులరు ఉందిగాని, ఇది తనిఖీ కాదు, శుభకార్యం అని కార్యాలయంవారు అర్థం చెప్పుకున్నారు. బయట షామియానా వేశారు. పన్నెండింటికి వడగాలి లేచి షామియానాని పక్కవీధికి తీసుకుపోయింది. ఛైర్మనుగారు, మార్తాండరావు, గవర్రాజు, దండలు, కెమేరా, చుట్టుపక్కల ఆడవాళ్ళు అందరూ కలిసి నలభై ఏడో ఇంటి పడగ్గదిలోకి తోసుకొచ్చారు.

ఛైర్మనుగారు మంచం మీద కూర్చుని, కర్చీఫు తీయబోయి ఆగారు. తుడుచుకోవడానికి చెమట లేదు. లేచి కిటికీ తట్టి చూశారు. రబ్బరుని గిల్లారు.

"అద్భుతం! మిస్టర్ మార్తాండరావ్, ఇదయ్యా నవోదయం!"

బిగించాక మార్తాండరావు కిటికీ కేసి చూడటం ఇదే మొదటిసారి. పగులు కోసం వెతికాడు. లేదు. సందు కోసం వెతికాడు. లేదు. ఆయన మొహాన ఆ చల్లటి గదిలో చెమట పట్టింది. పొగిడేది ఛైర్మను కనుక చేతులు జోడించాడు.

"మిత్రులారా!" అన్నారు ఛైర్మనుగారు. "ఈ చిరు గవాక్షము మన సంస్థ దూరదృష్టికి ప్రతీక. ఇదే నమూనాలో ఆరువందల గృహములకూ గవాక్షములను బిగించుటకు నేనిప్పుడే ఆమోదముద్ర వేయుచున్నాను. పటము సిద్ధముగానే ఉన్నది గదా?"

"సిద్ధమేనండి," అన్నాడు మార్తాండరావు నూతిలోంచి. పటంలో ఐదు వంపులున్నాయి.

నలభై ఎనిమిదో ఇంటి బంగారమ్మ చంకకొక పిల్లాడితో ముందుకొచ్చింది. కవలలు. ఇద్దరికీ నెత్తిన సెగ్గడ్డలు. "బాబుగారూ, మాకూ ఇయ్యే ఏత్తారాండీ?"

"ఇవేనమ్మా! ఏమయ్యా కొండలరావూ, లబ్ధిదారుడివి, రెండు మాటలు చెప్పు."

కొండలరావు లేచాడు. ఊరుకుంటే తన గది చల్లగా ఉంటుంది. బంగారమ్మ ఇంటికి మాత్రం అరటిపళ్ళ సందు వస్తుంది, ఫొటోలో ఈ కిటికీ ఉంటుంది. చెబితే ఈ పూటే ఇది ఊడిపోతుంది, ఎల్లుండి రైలుంది. ఆయన హైమావతి కేసి చూశాడు. ఆవిడ బంగారమ్మ చంకలో పిల్లాడి నెత్తి చూస్తోంది.

"చెప్పండి," అంది. "మీరు చెప్పకపోతే నేను చెబుతా."

కొండలరావు మంచం కిందికి దూరి, సంస్థవారి కిటికీని బయటికి లాగి నిలబెట్టాడు.

"అయ్యా, ఇదండీ కొత్త కిటికీ."

ఛైర్మనుగారు దాన్నీ, గోడలోదాన్నీ మార్చి మార్చి చూశారు. "ఇది పాతది కదూ?"

"కాదండి. గోడలో ఉన్నది పాతది. ఇది మొన్న మార్చి ముప్పైన మీరిచ్చిన కొత్తది."

"మరి ఈ పగులు?"

"అది పటం ప్రకారం వేయించిందండి. అడుగుకి ఇంతని. మార్పిడి పద్దు కదండీ, పాతదానికి ఏముంటే కొత్తదానికీ అదే ఉండాలట. పాతదాన్ని స్టోర్సుకిచ్చాం. పారేసేముందు బాగుచెయ్యాలని ఇంకో రూలటండి. బాగుచేసి వేలం వేస్తే ఎనిమిదివందలకి నేనే పాడుకున్నాను. మీరు ఇందాకట్నుంచీ మెచ్చుకుంటున్నది మీరు పారేసిందండి." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "పారెయ్యడానికి బాగుచేశారు, వాడుకోడానికి పగలగొట్టారు. ఇంతే సంగతి."

ముందు బంగారమ్మ నవ్వింది. తర్వాత వెనకున్నవాళ్ళు. గవర్రాజు నవ్వి దగ్గుగా మార్చుకున్నాడు.

ఛైర్మనుగారు సందులో వేళ్ళు పెట్టారు. ఆయనవి సన్నటి వేళ్ళు. నాలుగూ పట్టాయి. "నివేదికలో రెండని ఉందే?"

"నావండి," అన్నాడు మార్తాండరావు, రెండు వేళ్ళూ ఎత్తి చూపించి.

ఇంకెవరైనా అయితే సిగ్గుపడేవారు. ఛైర్మనుగారు ఆలోచించారు. "అనగా, పాత గవాక్షములు ఇంత శ్రేష్ఠముగా పనిచేయుచున్నవన్నమాట. మరి మార్పిడి ఏల? మహోద్యమము లక్ష్యమును సాధించినందున నేటితో ముగిసినట్లు రాసుకోండి."

"చిత్తం! ముందు ఆ అనధికార గవాక్షాన్ని ఊడదీయండి!" అన్నాడు మార్తాండరావు, ప్రాణం లేచొచ్చి. వెంట వచ్చిన నౌకరు ఒక మర వదులు చేశాడు. రెక్క జానెడు తెరుచుకుంది. నలభై ఆరు డిగ్రీల గాలి ఇసకతో సహా వచ్చి తిన్నగా ఛైర్మనుగారి మెడ మీద కూర్చుంది.

"మూయండి!" అని ఆయన కేక పెట్టారు. కారు ఎండలో ఉంది. దాన్ని చల్లబరచడానికి ఇంకో గంట పడుతుందని డ్రైవరు అప్పుడే చెప్పి వెళ్ళాడు. "అంత... అంత తొందరేముంది? నిబంధనలు పరిశీలించి..."

"క్వార్టర్లో సొంత సామాను పెట్టుకోవచ్చండి," అన్నాడు గవర్రాజు. పక్కన కూలరు లేదు కనుక అన్నీ స్పష్టంగా వింటున్నాడు. "మంచాలు, బీరువాలు. రసీదుంటే చాలు."

హైమావతి రసీదు తీసింది.

"కానీ ఇది బీరువా కాదే," అన్నాడు మార్తాండరావు.

"బీరువానే రాసుకోండి సార్. గాజు తలుపుల బీరువా. గోడలో నిలబెట్టారు. వెనక చెక్క లేదు," అన్నాడు గవర్రాజు.

ఛైర్మనుగారు మెడ మీది ఇసక దులుపుకుంటూ సంతకం పెట్టి, ఇంకో గంటసేపు ఆ బీరువా ముందు చల్లగా కూర్చున్నారు.

*

మర్నాడు తెల్లారేసరికి స్టోర్సు గేటు ముందు వరస మొదలైంది. పెళ్ళాం ఒక పక్కా మొగుడు ఒక పక్కా పట్టుకుని, ఎవరి కిటికీ వాళ్ళు ఊడదీసుకుని తెచ్చారు. అందరికంటే ముందు బంగారమ్మ. "రాసుకోండి బాబూ, మాది తుక్కు! ఎందుకూ పనికిరాదు! తొందరగా పారేసెయ్యండి!" అబ్బులు చెయ్యి నొప్పెట్టేలా రసీదులు రాశాడు. ఇరవై రెండో పద్దు కళకళలాడింది. ఆరువందల ఇళ్ళకీ ఆరువందల గాజు బీరువాలు. ఆ ఏడాది తుక్కు సేకరణలో సంస్థకి బహుమతి వచ్చింది. ఛైర్మనుగారు దండతో ఫొటో దిగారు, ఏసీ గదిలో.

హైమావతి టికెట్టు రద్దు చేయించింది. కోసుకున్న డబ్బుకి మొగుణ్ణి తిట్టింది.

మే నెలలో ఒక మధ్యాన్నం నలభై ఏడో ఇంటికి మెమో వచ్చింది. 'ప్రారంభోత్సవ సమయమున సంస్థ నూతన గవాక్షమును మంచము కింద నుండి ఈడ్చి, దాని పగులునకు నష్టము కలిగించినందుకు సంజాయిషీ.' కొండలరావు అలవాటుగా ఎనిమిది మడతలు పెట్టి కిటికీ దగ్గరికెళ్ళాడు. పైనుంచి కిందిదాకా వేలితో వెతికాడు. మంచం మీద తుషార దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.

"ఏంటండీ వెతుకుతున్నారు?" అంది హైమావతి లోగొంతుకతో.

"ఇది పెట్టడానికి," అన్నాడు. "సందు లేదే."